కథ ఎవరిది? పాట ఎవరిది?

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలైన తరువాత పడక కుర్చీలో వాలి, ఓ కునుకు తీద్దామా, పరీక్ష పేపర్లు దిద్దుదామా అని తేల్చుకోలేక సతమతమవుతున్న సమయంలో ఎదురింటావిడ ఒక లావుపాటి పుస్తకం చంకన పెట్టుకుని వచ్చారు. ఆవిడా మా ఆవిడా ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకుంటారు. ఆ లెక్కన నేను ఆవిడకు అన్నగారిని.

"అన్నయ్యగారూ, మీరు తెలుగు మాస్టారు గదా! ఈ ఘోరం మీరే చూడండి" అంటూ దాన్ని బల్లమీద పెట్టారు.

తీరా చూస్తే అది పుస్తకం కాదు. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలు విడదీసి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వేయించిన బైండు. ఆవిడ తల్లిగారు నలభై ఏళ్ళ కిందట చేసిన పని. మన ఇళ్ళలో పెట్టె అడుగున పెళ్ళినాటి పట్టుచీరతోపాటు ఇలాంటి బైండు ఒకటైనా దొరుకుతుంది.

"రాత్రి మా అబ్బాయి ఓటీటీలో కొత్త సినిమా పెట్టాడు. అరగంట చూశానో లేదో, తరువాత ఏం జరుగుతుందో నేనే చెప్పేస్తూ వచ్చాను. చివరిదాకా ఒక్కటి తప్పితే ఒట్టు! ఇది పట్టపగలు దొంగతనం కాదూ? ఈ రచయిత్రి కోర్టుకెక్కితే ఎంత వస్తుందంటారు?"

"ఆయనకు కోర్టు సంగతులేం తెలుసు వదినా! సంధులూ సమాసాలూ అడగండి, చెబుతారు" అంది మా ఆవిడ వంటింట్లోనుంచి.

ఆ మాటతో నాకు నిద్రమత్తు వదిలిపోయింది. నిజానికి ఈ కాపీరైటు సంగతి కొద్ది నెలలుగా నన్ను వేధిస్తూనే వుంది. ఎందుకో చివర మనవి చేస్తాను.

"ఏమేం కలిశాయో చెప్పండమ్మా" అన్నాను.

ఆవిడ వేళ్ళు మడిచి లెక్క చెప్పారు. కలవారి అమ్మాయి. పేదింటి అబ్బాయి. పెద్దలకు గిట్టకపోవడం. మధ్యలో డబ్బున్న మరో పెళ్ళికొడుకు. ఆఖరికి అతగాడు తెల్లమొహం వేయడం, వీళ్ళ పెళ్ళి జరగడం.

"ఈ ఐదూ శశిరేఖా పరిణయంలోనే వున్నాయి గదమ్మా! అప్పుడు అభిమన్యుడి తరఫువారు కూడా వాటాకు వస్తారేమో!" అన్నాను.

ఆవిడ నవ్వారు గాని ఒప్పుకోలేదు. అందుకని ఒక పాత తగాదా కథ చెప్పాను. పాఠకులకూ అదే చెబుతున్నాను.

ఆర్. జి. ఆనంద్ అనే ఆయన 1953లో 'హమ్ హిందుస్తానీ' అని ఒక నాటకం రాశారు. ఒక పంజాబీ కుటుంబం, పక్కనే ఒక మద్రాసీ కుటుంబం. పిల్లలు ప్రేమించుకుంటారు, పెద్దలు 'మన దేశం కానివాళ్ళతో సంబంధమా?' అని అడ్డుపడతారు. 1954లో ఢిల్లీలో ఆడితే జనం మెచ్చుకున్నారు. సినిమావారు ఆసక్తి చూపితే ఆయన నాటకమంతా వాళ్ళకు వినిపించారు. ఆ తరువాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. 1956లో 'న్యూఢిల్లీ' అని ఒక సినిమా వచ్చింది. అందులో అబ్బాయి పంజాబీ, అమ్మాయి తమిళం! ఆనంద్ గారి గుండె ఎలా మండి వుంటుందో ఊహించుకోండి. దావా వేశారు. కింది కోర్టులో ఓడారు. హైకోర్టులో ఓడారు. 1978లో సుప్రీంకోర్టులో కూడా ఓడారు. సినిమా వచ్చి అప్పటికి 22 ఏళ్ళు!

కోర్టు చెప్పిన సారాంశం ఇది. ఆలోచన ఎవరి సొత్తూ కాదు. రెండు రాష్ట్రాల పిల్లలు ప్రేమించుకున్నారన్న విషయం మీద ఎవరైనా రాసుకోవచ్చు. ఆ విషయాన్ని ఒక రచయిత ఏ మాటల్లో, ఏ సన్నివేశాల్లో, ఏ వరసలో పెట్టాడో అది మాత్రమే అతనిది. నాటకం చూసినవాడు తరువాత సినిమా చూస్తే 'ఇది దానికి నకలే' అని సందేహం లేకుండా అనిపించాలి. 'న్యూఢిల్లీ'లో కులం గొడవ, కట్నాల బాధ మొదలైనవి కొత్తగా చేరి కథ వేరే దారిన నడిచింది కనుక నకలు కాదన్నారు.

ఈ సంగతి మొదట చదివినప్పుడు నాకు ఆనంద్ గారి మీద జాలి వేసింది. తరువాత ఆలోచిస్తే మరోవైపు కూడా కనబడింది. ఆలోచనలకు కూడా పట్టాలిచ్చేస్తే ఏమవుతుంది? పండక్కొచ్చిన అల్లుడి అలక ఒక రచయిత పేర రిజిస్టరైపోతుంది. అత్తాకోడళ్ళ తగాదా మరొకరి పేర. ఇక మనబోటివాళ్ళు కలం పట్టుకుని ఏం రాయాలి?

"అయితే రాసినవాళ్ళు నోరుమూసుకుని కూర్చోవలసిందేనా?" అన్నారు ఎదురింటావిడ కోపంగా.

అక్కర్లేదు. 'చచ్చేంత ప్రేమ' అని శరత్‌చంద్ర అనే రచయిత నవల స్వాతి పత్రికలో అచ్చయింది. 2015లో 'శ్రీమంతుడు' సినిమా విడుదలయింది. మహేశ్‌బాబు ఊరిని దత్తత తీసుకునే సినిమా, మీరంతా చూసే వుంటారు. అది తన నవలేనని రచయిత హైదరాబాదులో నాంపల్లి కోర్టుకు వెళ్ళారు. కోర్టు కేసు స్వీకరించింది. దర్శకుడు కొరటాల శివ హైకోర్టుకు వెళ్ళారు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇందులో జోక్యం చేసుకోమన్నది. అంతమాత్రాన నేరం రుజువైనట్టు కాదు సుమండీ. రెండు కథలూ వేరువేరని సినిమా తీసినవారు గట్టిగానే చెప్పారు. విచారణ జరగవలసిందేనన్నంతవరకే ఆ మాట. కాని ఒక పత్రికా రచయిత ఇంత పెద్ద సినిమా మీద ఫిర్యాదు చేసి, అది మూడు మెట్లెక్కినా కొట్టివేతకు గురికాలేదంటే చిన్న సంగతి కాదు. ఆ రచయితకు ఒక అండ వుంది. నవల పత్రికలో అచ్చయి వుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అని సాక్షులను వెతకనక్కరలేదు.

మన తెలుగు సినిమాకు పత్రికల సీరియళ్ళతో చుట్టరికం నిన్నటిది కాదు. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి సులోచనారాణి గారి 'మీనా' 1973లో అదే పేరుతో సినిమాగా వచ్చింది. 2016లో 'అ ఆ' సినిమా చూసిన ఆడవాళ్ళు చాలామంది హాల్లోనే 'ఇది మన మీనా కదూ!' అనుకున్నారు. ముందు ఆవిడ పేరు తెరమీద లేదని విమర్శలు వచ్చాయి, తరువాత చేర్చారు. చూశారా, అక్కడ గొడవ డబ్బు గురించి కాదు. పేరు గురించి. మన కాపీరైటు చట్టంలో దీనికి వేరే సెక్షనే వుంది. హక్కులన్నీ అమ్ముకున్నా సరే, 'ఇది రాసింది నేను' అని చెప్పుకునే హక్కు రచయితను విడిచి పోదు. ఇల్లు అమ్మేసినా ఇంటిపేరు పోనట్టు.

సందర్భం వచ్చింది కనుక కథలు రాసే సోదరీసోదరులకు నాలుగు మాటలు చెబుతాను. కాపీరైటు రావడానికి ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. రాసిన క్షణంనుంచే అది మీది. మీరున్నంత కాలం, మీ తరువాత మరో 60 ఏళ్ళు. రిజిస్టరు చేయిస్తే రుజువుకు పనికివస్తుంది. హక్కు ఇవ్వడం నోటిమాటతో చెల్లదు. కాగితం మీద సంతకం వుండాలి. ఎన్నేళ్ళకో ఆ కాగితంలో రాయకపోతే చట్టం ఐదేళ్ళకే అనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశానికే అనుకుంటుంది. 2012లో చట్టం సవరించి మరో మంచి మాట చేర్చారు. కాగితం రాసుకున్న నాటికి ఇంకా పుట్టని సాధనాలకు, ఫలానా అని స్పష్టంగా రాసివుంటే తప్ప, ఆ హక్కు చెందదు. అందుకే ఈనాటి ఒప్పందాలలో 'ఇప్పుడున్నవీ, ఇకముందు రాబోయేవీ' అని చాంతాడంత జాబితా వుంటుంది. సంతకం పెట్టేముందు కళ్ళద్దాలు పెట్టుకుని చదవండి. పెళ్ళిచూపులకు ఎంత శ్రద్ధ తీసుకుంటామో ఇక్కడా అంత శ్రద్ధ అవసరమే.

ఇక పాట సంగతి. కథకు ఒకడే తండ్రి. పాటకు ఎందరో దాయాదులు! రాసినవారొకరు, బాణీ కట్టినవారొకరు, రికార్డుమీద హక్కున్న కంపెనీ ఒకటి, పాడినవారొకరు. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు యాభై ఏళ్ళ పాట పండుగ చేసుకుంటూ అమెరికాలో కచేరీలు చేస్తూండగా ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వెళ్ళింది, అనుమతి లేకుండా నా పాటలు వేదికమీద పాడరాదని. బాలుగారు మిగిలిన కచేరీలలో వేరే సంగీత దర్శకుల పాటలు పాడతానని మర్యాదగా ప్రకటించారు. ఆ వారమంతా మన ఇళ్ళలో రెండు పార్టీలు. మా ఇంట్లో మా ఆవిడ బాలు పార్టీ, నేను ఇళయరాజా పార్టీ. కాఫీ రెండు రోజులు ఆలస్యంగా అందింది.

మనం ఏ పార్టీ అయినా ఒక సంగతి మరచిపోరాదు. సినిమా పాట వ్యాపారంగా మరోచోట మోగినప్పుడు రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా వుండాలని చట్టం స్పష్టంగా చెప్పింది 2012లోనే. అంతకుముందు, 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం సినిమాకు డబ్బు తీసుకుని రాసిన పాట నిర్మాతదే. కవిగారు ఒకసారి పారితోషికం పుచ్చుకుని ఇంటికి వెళ్ళిపోవడమే. ఆ పాట తరువాత యాభై ఏళ్ళపాటు ప్రతి పెళ్ళిపందిట్లో మోగినా కవిగారికి వచ్చేది ఆనందం మాత్రమే!

ఇదంతా కాగితం వున్నవాళ్ళ సంగతి. కాగితం లేనివాళ్ళ మాటేమిటి? నన్ను వేధిస్తున్నదని మొదట చెప్పిన సంగతి ఇక్కడికి వస్తోంది.

మా ఖమ్మంనుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి, భద్రాచలం దగ్గర గోదావరి వంతెన దాటితే, దుమ్ముగూడెం, చర్ల దారిలో అడవి మొదలవుతుంది. కోయ పల్లెలు. ఎండాకాలంలో రేలపూలు పసుపుపచ్చగా వేలాడుతూంటాయి. ఆ ఊళ్ళనుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న పిల్లలు మా కాలేజీలో కొందరు వున్నారు. వారిలో ఒక అమ్మాయి ఈ వేసవిలో నా గదికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"సార్, మా అవ్వ పాట ఫోన్లో వస్తోంది. కింద వేరేవాళ్ళ పేరు రాసుకున్నరు."

లోపలికి పిలిచి చూశాను. విత్తనాల పండుగనాడు పట్నంనుంచి ఎవరో వచ్చి, ఆడవాళ్ళు చేతులు పట్టుకుని రేలపాట పాడుతూ ఆడుతూంటే రికార్డు చేసుకుపోయారు. ముసలమ్మ ముందు అందుకుంటోంది, తక్కినవారు వెనక అందుకుంటున్నారు. దానికి వెనక డోళ్ళూ తాళాలూ కలిపి, కింద 'సాహిత్యం', 'గానం' అని రెండు పట్నం పేర్లు వేశారు. లక్షలమంది చూశారు. ముసలమ్మ పేరు ఎక్కడా లేదు.

"మీ అవ్వ ఏమంటోంది?"

"డబ్బుల గురించి అడగలేదు సార్. 'ఆ పిల్లగాడు నా గొంతు తీసుకపోయి ఎవరిదని చెప్పిండు?' అని అడిగింది."

అప్పుడు చట్టం పుస్తకం తీశాను. ఇందులో మెలిక వుంది. ఆ పాట ఏ ముత్తవ్వ కట్టిందో ఎవరికీ తెలియదు. అంచేత పాట ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. 'సాహిత్యం' అని పేరు వేసుకున్నవాడిది అసలే కాదు. కాని పాడటం వేరు. 1994లో చట్టం సవరించి, వేదికమీదగాని వాకిట్లోగాని స్వయంగా ప్రదర్శన ఇచ్చేవారికి హక్కు ఇచ్చారు. వారి అనుమతి లేకుండా రికార్డు చేయరాదు. ఆ హక్కు 50 ఏళ్ళు వుంటుంది. 2012లో మరొకటి చేర్చారు: ఈ ప్రదర్శన ఫలానావారిది అని పేరు చెప్పించుకునే హక్కు. చదువుకున్నవారికే అని ఎక్కడా లేదు. ప్రదర్శకులు ఎవరెవరు అనే జాబితా చట్టంలోనే వుంది. నటులు, గాయకులు, నర్తకులు, దొమ్మరివారు, గారడీవారు, పాములవారు, ఉపన్యాసం చెప్పేవారు! పాములవాడి పక్కనే నాకూ చోటు దొరికినందుకు మా ఆవిడ ఎంత సంతోషించిందో చెప్పలేను.

ఇలాంటి గొడవలు అడవిలోనే కాదు, పట్నంలోనూ వచ్చాయి. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' పాట దేశమంతా మోగింది. అది జానపదంనుంచి తీసుకుని సుద్దాల అశోక్‌తేజ గారు రాసిన పాట. అంతకుముందు ఆ జానపదాన్ని టీవీలో పాడిన ఒక గాయని తనను తలచుకోలేదని బాధపడింది. చాలా రోజులు ఆ మాట నలిగింది. దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా వివరణ ఇచ్చారు. ఊరిపాట సినిమాకెక్కడం తప్పుకాదు. ఎక్కకపోతే చాలా పాటలు చచ్చిపోతాయి. మణుగూరు వైపు కూనవరంలో సకిని రామచంద్రయ్య గారని వుండేవారు. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల గాథ కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆయన గొంతు ఆయన పేరుతో మిగిలింది. ఆ ఊళ్ళ చుట్టుపక్కల పేరు లేకుండా వెళ్ళిపోయిన గొంతులు ఎన్నో.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఉపన్యాస ధోరణిలో చెప్పాను. ఆ చానలువారికి ఎలా ఉత్తరం రాయాలో కూడా చెప్పాను. అంతా విని, తలవంచుకుని మెల్లిగా అంది:

"సార్, లైబ్రరీలో మీ వ్యాసం చదివిన. రేలపాటల మీద. అందులో కూడా పేర్లు లేవు సార్."

పాఠకులారా, నా మొహాన నెత్తురు చుక్క లేదు.

ఆ పిల్ల చెప్పింది నిజం. ఇరవై ఏళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఊళ్ళు తిరిగి 23 పాటలు రాసుకున్నాను. వ్యాసం అచ్చువేశాను. 'సేకరణ' అని పైన నా పేరు పెద్ద అక్షరాలతో వుంది. పాడినవారి దగ్గర 'ఒక కోయ వృద్ధురాలు', 'మరొక స్త్రీ' అని వుంది. ఆ వ్యాసానికి నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో వుంది. పట్నంనుంచి ఫోను పట్టుకుని వచ్చిన కుర్రాడికీ, నోటుబుక్కు పట్టుకుని వెళ్ళిన నాకూ తేడా ఏమిటి? అతడికి ప్రేక్షకులు ఎక్కువ, అంతే.

ఆ రాత్రి అటకమీద పెట్టెలన్నీ దింపి పాత నోటుబుక్కు వెతికాను. తొమ్మిది పాటల పక్కన పెన్సిలుతో పేర్లు రాసి వున్నాయి. పద్నాలుగింటి పక్కన ఖాళీ.

తరువాతి ఆదివారం ఆ అమ్మాయితో కలిసి భద్రాచలం బస్సెక్కాను. దిగి ఆటోలో వాళ్ళ ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇప్పచెట్టు కింద నులకమంచం వేశారు. ముసలమ్మకు నోటుబుక్కులోని పాటలు ఒక్కొక్కటి చదివి వినిపించాను. నా యాసకు ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మొదటి మాట వినగానే ఇది ఫలానా ఆమె పాడేది, ఆమె పోయింది. ఇది ఫలానా ఊరి కోడలిది, ఆమె చర్లలో వుంది అని చెబుతూ వచ్చింది. సాయంత్రానికి మరో పదకొండు పేర్లు దొరికాయి. ఇంక మూడు మిగిలాయి.

"నీ పేరు కూడా రాస్తున్నానవ్వా, ఈ పాట నీదని" అన్నాను.

"నాది కాదు. మా అమ్మ నేర్పింది, ఆమెకు వాళ్ళమ్మ. నేను పాడినానని రాయి" అంది.

చట్టం ఎన్నో సెక్షన్లలో చెప్పిన మాటను ఆమె ఒక్క ముక్కలో చెప్పింది.

చానలువారు రెండు ఉత్తరాలకు పలకలేదు. మూడో ఉత్తరంలో సెక్షను నంబరు వేశాక పేరు చేర్చారు. ఒక అక్షరం తప్పు పడింది. ఆ అమ్మాయి నాలుగో ఉత్తరం రాస్తోంది. నా వ్యాసాన్ని పేర్లతో సవరించి మళ్ళీ అచ్చుకు పంపాను.

ఇక ఎదురింటావిడ బైండు సంగతి. ఆ రోజు ఇదంతా చెప్పాక "అయితే మా అమ్మ దాచిన ఈ పేజీలు రచయిత్రిగారికి రుజువుగా పనికివస్తాయన్నమాట!" అని ఎంతో సంబరపడ్డారు. తెరిచి చూశాం. పేజీలు సమంగా రావాలని బైండు చేసినవాడు అంచులు కత్తిరించేశాడు. పత్రిక పేరూ తేదీ వుండే అంచు! రచయిత్రి పేరున్న మొదటి పేజీ కూడా ఎక్కడో రాలిపోయింది. నలభై ఏళ్ళు కథను ప్రాణంలా దాచుకున్న ఇంట్లో రాసినావిడ పేరు ఎవరికీ గుర్తులేదు.

"అమ్మ వుంటే చెప్పేది" అన్నారు ఎదురింటావిడ, చాలాసేపటికి.

ఈసారి మీరు ఈ పత్రికలోనుంచి సీరియల్ చింపి దాచుకునేటప్పుడు అంచులు కత్తిరించకండి. పండక్కి ఏ ఊరన్నా వెళ్ళి ఎవరి పాటైనా ఫోన్లో పట్టుకునేముందు, 'అవ్వా, పట్టుకోనా? నీ పేరేమిటి?' అని అడగండి. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది ఆ ప్రశ్న అడగడానికి. మీకు అంత పట్టనక్కరలేదు.